అమెరికా సిటీ బస్సు: సగం టికెట్‌కి కార్డు కావాలి, ర్యాంపుకి అక్కర్లేదు

అమెరికాలో సిటీ బస్సు డ్రైవర్‌ని ర్యాంపు దించమని అడగడానికి ఏ కార్డూ చూపించనక్కర్లేదు. వీల్‌చెయిర్‌లో ఉండాలన్న నియమమూ లేదు. చేతికర్రతో నడిచేవాళ్లు, మోకాలు వంగక మెట్టెక్కలేనివాళ్లు నడుచుకుంటూనే ర్యాంపు మీదుగా లోపలికి వెళ్లొచ్చు. ర్యాంపు బదులు లిఫ్టు ఉన్న బస్సయితే దాని మీద నిలబడి పైకి వెళ్లొచ్చు. ఫెడరల్ రవాణా శాఖ నిబంధనల్లో 37.165 సెక్షన్ ఈ మాట సూటిగానే చెబుతుంది. అయినా పిల్లల దగ్గర ఉండటానికి వెళ్లిన తెలుగు పెద్దవాళ్లు కమ్మీ పట్టుకుని, పళ్లు బిగబట్టి, ఒక్కో కాలూ ఈడ్చుకుంటూ ఎక్కుతుంటారు. ర్యాంపు అడగొచ్చు కదా అంటే, ‘మాకు డిసేబుల్డ్ కార్డు లేదండీ’ అంటారు.

ఆ జవాబులోనే అసలు చిక్కు ఉంది. అమెరికా సిటీ బస్సుల్లో వికలాంగులకూ వృద్ధులకూ దక్కేవి మూడు. అవి ఒకదానికొకటి సంబంధం లేనివి. మొదటిది సగం టికెట్, దానికి కార్డు కావాలి. రెండోది మామూలు బస్సులోనే ర్యాంపు, సీటు, స్టాపు ప్రకటన లాంటి సౌకర్యాలు, వాటికి ఏదీ చూపించక్కర్లేదు. మూడోది ఇంటికొచ్చి తీసుకెళ్లే పారాట్రాన్సిట్ వ్యాను. దానికి విడిగా అర్హత పరీక్ష ఉంటుంది. సగం టికెట్ కార్డు ఉన్నంత మాత్రాన వ్యాను రాదు. వ్యానుకి అర్హత ఉందని అందులో సగం టికెట్ ఇవ్వరు. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల, ఉన్న హక్కు వాడుకోనివాళ్లూ, లేనిదాని కోసం నెలల తరబడి కాగితాలు మోసేవాళ్లూ తయారవుతున్నారు.

సగం టికెట్: ఎందులో సగం?

టికెట్ రాయితీ నిబంధన 1974 నాటిది. వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏ 1990లో వచ్చింది, అంటే రాయితీ దానికంటే పదహారేళ్లు పెద్దది. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పట్టణ రవాణా నిధులు తీసుకునే ప్రతి ఏజెన్సీ, రద్దీ లేని వేళల్లో మూడు వర్గాలవారి దగ్గర రద్దీ వేళ టికెట్‌లో సగానికి మించి వసూలు చేయకూడదు. ఈ వాక్యంలో ఒక మెలిక ఉంది. రద్దీ వేళ టికెట్ 3 డాలర్లు, మిగతా వేళల్లో 2 డాలర్లు అనుకుందాం. రాయితీ టికెట్ గరిష్ఠంగా 1.50 డాలర్లు ఉండొచ్చు. అంటే పెద్దాయనకు నిజంగా మిగిలేది అర డాలరే. చట్టం దృష్టిలో అది సక్రమమే. ఆచరణలో చాలా ఏజెన్సీలు రోజంతా సగం టికెట్టే తీసుకుంటాయి. కానీ అది వాళ్ల సౌజన్యం, చట్టం పెట్టిన నిర్బంధం కాదు. కాబట్టి పొద్దున ఎనిమిదింటికి పూర్తి టికెట్ తీసుకున్నారని పోట్లాటకు దిగే ముందు స్థానిక నిబంధన చూసుకోవాలి.

ఆ మూడు వర్గాలు ఇవి: 65 ఏళ్లు నిండినవాళ్లు, ప్రత్యేక సదుపాయాలు లేకుండా బస్సు వాడలేని వైకల్యం ఉన్నవాళ్లు, ఫెడరల్ ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కార్డు చూపించినవాళ్లు. 65 అనేది కనీస ప్రమాణమే. న్యూజెర్సీ ట్రాన్సిట్ 62కే ఇస్తుంది. వైకల్యం శాశ్వతమే కానక్కర్లేదు, తాత్కాలికమైనా చెల్లుతుందని చట్టంలోనే ఉంది. కాలు విరిగి మూడు నెలలు క్రచ్‌ల మీద ఉన్నవాళ్లు కూడా డాక్టర్ సంతకంతో గడువున్న కార్డు తీసుకోవచ్చు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది మెడికేర్, మెడికెయిడ్ అన్న రెండు పేర్ల దగ్గర. చట్టం చెప్పింది మెడికేర్ ఒక్కటే. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు రాష్ట్రం ఇచ్చే మెడికెయిడ్ కార్డు, కాలిఫోర్నియాలో మెడి-కాల్ అని పిలిచేది, బస్సులో చూపిస్తే పని జరగదు. ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా మెడికేర్ అడ్వాంటేజ్ తీసుకున్నవాళ్లు కంపెనీ కార్డు కాకుండా ప్రభుత్వం పంపిన ఎరుపు, తెలుపు, నీలం చారల అసలు కార్డు దగ్గర పెట్టుకోవడం మంచిది. గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్లు కాలేదు, మెడికేర్ లేదు, కాబట్టి రాయితీ కూడా లేదనుకోవడం ఇంకో పొరపాటు. వయసు దానంతట అదే ఒక అర్హత. చట్టంలోని ఆ వాక్యంలో పౌరసత్వం ఊసే లేదు. 65 దాటినవాళ్లు పుట్టిన తేదీ ఉన్న పాస్‌పోర్టుతో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కార్డు చేతికొచ్చాక కూడా పూర్తి టికెట్ పడిపోయే సందర్భాలున్నాయి. న్యూయార్క్‌లో 2026 జనవరి నుంచి బస్సు టికెట్ 3 డాలర్లు, రాయితీ టికెట్ 1.50. అక్కడ కార్డో ఫోనో మిషన్‌కి తాకించి టికెట్ కట్టే ఓమ్నీ పద్ధతిలో రాయితీ మనిషికి కాదు, నమోదు చేసుకున్న కార్డుకి అంటుకుని ఉంటుంది. బ్యాంకు కార్డుని రాయితీ ఖాతాకి కలిపారనుకుందాం. అదే కార్డుని ఫోన్‌లో కూడా పెట్టుకుని, ఒకరోజు పర్సు తీయడానికి బద్ధకించి ఫోన్ తాకించారు. ఫోన్‌లోని కార్డుకి లోపల వేరే నంబరు ఉంటుంది. మిషన్‌కి అది కొత్త మనిషి కింద లెక్క. 3 డాలర్లు తీసేసుకుంటుంది. ఏడు రోజుల్లో ఇంత మించి తీసుకోకూడదన్న వారపు పరిమితి కూడా ఆ రెండు నంబర్లకూ విడివిడిగా లెక్కవుతుంది. బ్యాంకు కార్డు గడువు తీరి కొత్తది వచ్చినప్పుడూ ఇదే గొడవ. కొత్త నంబరు వెంటనే రాయితీ ఖాతాలో మార్చుకోవాలి. పెద్దవాళ్లకయితే ఏజెన్సీయే పంపే ప్లాస్టిక్ రాయితీ కార్డొక్కటే వాడమని చెప్పడం అన్నిటికంటే సులువు.

తోడుగా వచ్చే మనిషి సంగతి. మామూలు బస్సులో తోడు వచ్చినవాళ్లకు ఉచితం ఇవ్వాలని ఫెడరల్ నిబంధన లేదు. కొన్ని ఏజెన్సీలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. పారాట్రాన్సిట్‌లో మాత్రం సహాయకుడి దగ్గర పైసా తీసుకోకూడదు.

ర్యాంపు లెక్క అంగుళాల్లో ఉంటుంది

ర్యాంపు ఉండటం ఒక ఎత్తు, ఎక్కగలిగేలా ఉండటం ఇంకో ఎత్తు. లో-ఫ్లోర్ బస్సు నేల రోడ్డుకి సుమారు 14 అంగుళాల ఎత్తులో ఉంటుంది. డ్రైవర్ మీట నొక్కితే గాలి సస్పెన్షన్ ఒకవైపు ఒరిగి మూడు అంగుళాల దాకా కిందికి దిగుతుంది. దీన్నే నీలింగ్ అంటారు. ఫుట్‌పాత్ అంచు 6 అంగుళాలు, ర్యాంపు పొడవు 5 అడుగులు, అంటే 60 అంగుళాలు అనుకుందాం. బస్సు ఫుట్‌పాత్‌కి ఆనుకుని ఆగితే ఎక్కాల్సింది 5 అంగుళాలే. వాలు 12కి 1 పడుతుంది, అంటే 12 అంగుళాల పొడవుకి 1 అంగుళం ఎత్తు, చేతులతో తోసుకునే వీల్‌చెయిర్ కూడా ఎక్కుతుంది. అదే స్టాపులో ఎవరో కారు ఆపేశారు, బస్సు రోడ్డు మధ్యే ఆగింది, ర్యాంపు నేరుగా తారు మీద దిగింది. ఇప్పుడు ఎక్కాల్సింది 11 అంగుళాలు. వాలు దాదాపు అయిదున్నరకి 1. తోసేవాళ్లు లేకుండా అది ఎక్కడం కష్టం. చేతికర్రతో నడిచే మనిషికి దిగేటప్పుడు ఇంకా ప్రమాదం. బస్సు అదే, ర్యాంపు అదే. వాలుని రెట్టింపు చేసింది ఆ కారు.

ర్యాంపు నేల మీద దిగినప్పుడు 4కి 1 దాకా వాలుని 1991 నాటి నిబంధన ఒప్పుకుంది. అది చాలా నిటారు. ప్రమాణాలు రాసే యాక్సెస్ బోర్డు 2016లో దాన్ని 6కి 1గా సవరించి మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ తేడా తెలిసినవాళ్లు రోడ్డు మధ్య బస్సు ఆగితే, కొంచెం ముందుకు తీసుకెళ్లి అంచుకి ఆనించమని డ్రైవర్‌ని అడుగుతారు. నీలింగ్ చేయకుండానే ర్యాంపు వదిలేస్తే ‘కొంచెం కిందికి దించండి’ అని అడగడం కూడా మర్యాద తప్పడమేమీ కాదు. ఆ మీట ఉన్నది అందుకే.

బరువు, కొలతల దగ్గర కూడా స్పష్టత ఉంది. ర్యాంపయినా లిఫ్టయినా కనీసం 600 పౌండ్లు, అంటే దాదాపు 272 కిలోలు మోయాలి. 22 అడుగులకు మించిన బస్సులో వీల్‌చెయిర్లకు కనీసం రెండు చోట్లు ఉండాలి. ఒక్కొక్కటి 30 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు. పట్టీలతో బిగించాక కుర్చీ 2 అంగుళాలకు మించి కదలకూడదు. ‘మీ కుర్చీకి మా కొక్కెం పట్టడం లేదు, దిగండి’ అనడానికి వీల్లేదు. బిగించడం కుదరకపోయినా ఎక్కించుకోవాల్సిందే. కుర్చీలోంచి లేచి సీటులో కూర్చోమని డ్రైవర్ సూచించొచ్చు, పట్టుబట్టకూడదు. పట్టీలు కట్టడం, ర్యాంపు వేయడం డ్రైవర్ పని. అందుకు సీటులోంచి లేవాల్సి వస్తే లేవాలి.

ముందు సీట్ల విషయంలో మాత్రం చట్టం సగంలో ఆగిపోయింది. అక్కడ కూర్చున్నవాళ్లని లేవమని డ్రైవర్ అడగాలి. వాళ్లు లేవకపోతే బలవంతంగా లేపే బాధ్యత అతనికి లేదు. ‘అడిగాను కదా’ అంటే చట్టప్రకారం అతని పని అయిపోయినట్టే.

చూపు లేనివాళ్లకు ర్యాంపు కంటే స్టాపు పేరు చెప్పడం ముఖ్యం. వేరే రూట్లు కలిసే చోటు, పెద్ద కూడళ్లు, ముఖ్యమైన గమ్యాలు, వాటి మధ్య తామెక్కడున్నారో తెలిసేందుకు సరిపడేన్ని చోట్లు ప్రకటించాలి. ప్రయాణికుడు ఫలానా స్టాపు చెప్పమని అడిగితే అదీ చెప్పాలి. రికార్డు చేసిన గొంతు పనిచేయకపోతే డ్రైవర్ నోటితో చెప్పాల్సిందే. ఒకే స్టాపులో నాలుగైదు రూట్లు ఆగుతుంటే, వచ్చింది ఏ బస్సో తెలిసే ఏర్పాటు కూడా ఉండాలి. ఇంగ్లిష్ బోర్డులు చదవలేని పెద్దవాళ్లకూ ఈ నిబంధన అక్కరకొస్తుంది, వాళ్ల కోసం రాసింది కాకపోయినా.

లిఫ్టు చెడిపోతే? డ్రైవర్ వెంటనే రిపోర్టు చేయాలి. మర్నాటి సర్వీసు మొదలయ్యేలోపు ఆ బస్సుని పక్కన పెట్టి బాగుచేయాలి. బదులు బస్సు లేకపోతే మాత్రమే దాన్ని నడపొచ్చు. అదీ 50 వేలకు మించిన జనాభా ఉన్న చోట మూడు రోజులు, అంతకు లోపు ఉన్న చోట అయిదు రోజులు. ఆ రూట్లో తర్వాతి పనిచేసే బస్సు రావడానికి 30 నిమిషాలకు మించి పట్టేలా ఉంటే, స్టాపులో ఉండిపోయిన మనిషికి ఏజెన్సీ వెంటనే వేరే వాహనం పంపాలి. ఈ ముప్పై నిమిషాల సంగతి తెలిస్తే అక్కడికక్కడే డ్రైవర్ చేత కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేయించొచ్చు. తెలియకపోతే ఎండలో, మంచులో నిలబడటమే.

1990 ఆగస్టు 25 అనే గీత

ఇన్ని బస్సులకు ర్యాంపులు ఊరికే రాలేదు. 1978 జులైలో డెన్వర్ నగరంలో, కోల్‌ఫాక్స్, బ్రాడ్‌వే రోడ్లు కలిసే చోట 19 మంది వికలాంగులు బస్సులకు అడ్డంగా బైఠాయించి రాత్రంతా కదల్లేదు. పన్నెండేళ్ల తర్వాత, 1990 జులై 26న ఏడీఏ మీద సంతకం జరిగింది. ఆ చట్టం చేసిన తెలివైన పని ఒకటుంది. పాత బస్సులన్నిటినీ మార్చమని అనలేదు. 1990 ఆగస్టు 25 తర్వాత టెండరు పిలిచి కొనే, అద్దెకు తీసుకునే ప్రతి కొత్త బస్సూ వీల్‌చెయిర్ ఎక్కేలా ఉండాలంది. ఫెడరల్ డబ్బుతో కొన్న పెద్ద బస్సుకి కనీస ఆయుష్షు 12 ఏళ్లు. పాతవి పోయేకొద్దీ, ఒకటిన్నర దశాబ్దం తిరిగేసరికి మొత్తం బస్సులే మారిపోయాయి. ఖర్చు కూడా ఒక్కసారిగా మీద పడలేదు.

మన దగ్గర లేనిది సరిగ్గా ఆ గీతే. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టంలో 41వ సెక్షన్ బస్సుల గురించి మాట్లాడుతుంది. కానీ ఫలానా తేదీ తర్వాత కొన్న బస్సు ఇలాగే ఉండాలని తేల్చి చెప్పలేదు. కేంద్రం 2013లో ఇచ్చిన సిటీ బస్సుల ప్రమాణాల్లో నేల ఎత్తు 400, 650, 900 మిల్లీమీటర్లు, మూడూ ఉన్నాయి. అంటే నడుం ఎత్తు బస్సు కొన్నా అది ప్రమాణాల ప్రకారం కొన్నదే. 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరీ కేసులో సుప్రీంకోర్టు, యాక్సెసిబిలిటీ నిబంధనలు సలహాల్లా ఉంటే చెల్లదని, తప్పనిసరి నిబంధనలు తేవాలని చెప్పింది అందుకే. ఇప్పుడు హైదరాబాద్ సంగతి చూడండి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మహిళలకు జీరో టికెట్. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి. వీల్‌చెయిర్‌లో ఉన్న మహిళకూ ఆ జీరో టికెట్ వర్తిస్తుంది, కానీ మెట్లున్న బస్సులో ఆమెను నలుగురు ఎత్తి ఎక్కిస్తేనే కండక్టర్ ఆ టికెట్ కొట్టగలడు. ఛార్జీ తగ్గించడానికి ఒక జీవో చాలు. నేల ఎత్తు తగ్గాలంటే టెండరు మారాలి.

ఇంటికొచ్చే వ్యాను: ముప్పావు మైలు లోపలే

మామూలు బస్సు వాడలేనివాళ్ల కోసం ఏజెన్సీ నడపాల్సినదే పారాట్రాన్సిట్. న్యూయార్క్‌లో యాక్సెస్-ఎ-రైడ్, న్యూజెర్సీలో యాక్సెస్ లింక్, ఇలా ఊరికో పేరు. ఛార్జీ మామూలు టికెట్‌కి రెట్టింపు దాటకూడదు. సగం టికెట్ నిబంధన దీనికి వర్తించదు. ఇందులోంచే ఒక వింత ఫలితం వస్తుంది: ఏ ఊళ్లోనయినా బస్సు అందరికీ ఉచితమయితే, సున్నాకి రెట్టింపు సున్నాయే కాబట్టి ఈ వ్యాను కూడా ఉచితంగానే నడపాలి.

వయసు మీరిందని, కారు నడపడం రాదని, ఇంగ్లిష్ రాదని అర్హత రాదు. వైకల్యం వల్ల సొంతంగా బస్సెక్కి, ప్రయాణించి, దిగలేకపోవాలి. లేదా ఆ రూట్లో ఎక్కగలిగే బస్సే లేకపోవాలి. లేదా ఇంటి నుంచి స్టాపు దాకా వెళ్లలేకపోవాలి. మూడోదానిలో చాలా వెసులుబాటు ఉంది. మామూలు రోజుల్లో రెండు బ్లాకులు నడవగలిగి, మంచు పడితే నడవలేనివాళ్లకు ఆ రోజులకే అర్హత ఇస్తారు. దీన్ని షరతులతో కూడిన అర్హత అంటారు.

దరఖాస్తులు చెడేది ఎక్కువగా ఇంటర్వ్యూ దగ్గర. ‘ఎలా నడుస్తున్నారు?’ అంటే మన పెద్దవాళ్లు మర్యాద కొద్దీ ‘బాగానే నడుస్తానమ్మా’ అంటారు. అధికారి అదే రాసుకుంటారు. పక్కన కూర్చున్న కొడుకో కూతురో అన్ని ప్రశ్నలకూ తామే జవాబు చెప్పేస్తే అసలు మనిషి పరిస్థితి బయటికి రాదు. రోగం పేరు కంటే పని కొలత ముఖ్యం. ‘ఆర్థరైటిస్ ఉంది’ అనే బదులు, ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలరు, ఎంతసేపు నిలబడగలరు, ఆరు లైన్ల రోడ్డు సిగ్నల్ మారేలోపు దాటగలరా, నొప్పి ఎక్కువున్న రోజు ఏం జరుగుతుంది, ఇవి చెప్పాలి. తెలుగు దుభాషి కావాలని ముందే అడగొచ్చు.

దరఖాస్తు పూర్తిగా అందిన 21 రోజుల్లో తేల్చకపోతే, తేల్చేదాకా వ్యాను ఇవ్వాల్సిందే. ‘పూర్తిగా’ అన్న మాట దగ్గరే గడియారం ఆగిపోతుంది. డాక్టర్ పేజీ ఒక్కటి రాకపోయినా 21 రోజులు మొదలవవు. తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి, అప్పీలుకి 60 రోజుల గడువుంటుంది.

అర్హత వచ్చినా ఇల్లు ఎక్కడుందన్నది ఇంకో పరీక్ష. బస్సు రూటుకి ఇరువైపులా ముప్పావు మైలు, అంటే 1.2 కిలోమీటర్ల లోపల ఎక్కే చోటూ దిగే చోటూ రెండూ ఉండాలి. ఆ రూటు నడిచే రోజుల్లో, వేళల్లోనే వ్యాను నడుస్తుంది. ఆదివారం బస్సు లేకపోతే ఆదివారం వ్యానూ ఉండదు. తెలుగువాళ్లు పెద్ద ఇళ్లు కొనుక్కున్న కొత్త శివార్లు చాలావరకు ఈ గీత బయటే. టెక్సస్‌లో ఫ్రిస్కో నగరం డాలస్ బస్సు వ్యవస్థ డార్ట్‌లో సభ్యురాలే కాదు. కాబట్టి డార్ట్ పారాట్రాన్సిట్ బాధ్యత అక్కడికి రాదు. ఆ ఊరు సొంతంగా చేసే ఏర్పాట్లకు నిబంధనలు వేరు. అమ్మానాన్నలను తెచ్చుకుని ఉంచుకోవాలనుకునేవాళ్లు ఇల్లు కొనే ముందు స్కూలు రేటింగుతో పాటు బస్సు రూట్ల మ్యాపు కూడా చూడాలి.

రేపటి ప్రయాణానికి ఇవాళ ఆఫీసు వేళల్లో ఫోన్ చేస్తే ఇవ్వాలి. అడిగిన వేళకి గంట ముందుకో వెనక్కో మార్చమని బేరమాడొచ్చు, అంతకు మించి కాదు. గుడికా, డాక్టర్ దగ్గరికా అని ప్రయాణానికి ప్రాధాన్యం పెట్టకూడదు. వెయిటింగ్ లిస్టు పెట్టకూడదు. చెప్పిన వేళకి మనిషి రాకపోతే ‘నో-షో’ రాస్తారు. అది అలవాటుగా మారితేనే సర్వీసు ఆపొచ్చు. మన చేతుల్లో లేని కారణం ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయమని రాతపూర్వకంగా అడగాలి.

ఇక విజిట్ మీద వచ్చిన అమ్మానాన్నలు. ఆ ప్రాంతంలో నివాసం లేని వికలాంగులను సందర్శకులుగా చూసి, 365 రోజుల్లో 21 రోజుల దాకా పారాట్రాన్సిట్ ఇవ్వాలని 37.127 సెక్షన్ చెబుతుంది. ఆ రోజులు వరసగా ఉండక్కర్లేదు. మూడు వారాల్లో పదిసార్లు ఆస్పత్రికి వెళ్తే పది రోజులే ఖర్చవుతాయి. వైకల్యం కంటికి కనిపించేదయితే ఏజెన్సీ అడగగలిగేది నివాస రుజువు ఒక్కటే. కనిపించనిదయితే వైకల్యానికీ రుజువు అడగొచ్చు. మన సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు లాంటి వైకల్య ధ్రువపత్రాలు వెంట తెచ్చుకుంటే ఉపయోగపడేది ఇక్కడే. వాటితో పాటు డాక్టర్ దగ్గర ఇంగ్లిష్‌లో ఒక పేజీ రాయించుకుంటే ఇంకా మంచిది. మామూలు బస్సు వాడలేమని వాళ్లు స్వయంగా రాసిచ్చినది ఏజెన్సీ ఒప్పుకోవాలి. బయల్దేరే ముందే ఈమెయిల్ పెడితే వచ్చిన మర్నాటి నుంచే వాడుకునే వీలుంటుంది.

నిబంధన తప్పినప్పుడు ముందు ఏజెన్సీకి రాయాలి. అక్కడ తేలకపోతే ఫెడరల్ ట్రాన్సిట్ అడ్మినిస్ట్రేషన్ పౌరహక్కుల విభాగానికి, ఘటన జరిగిన 180 రోజుల్లోపు. ఫిర్యాదులో ‘డ్రైవర్ దురుసుగా ప్రవర్తించాడు’ అన్న వాక్యానికి బరువు తక్కువ. బస్సు మీద రాసి ఉండే నాలుగంకెల నంబరు, రూటు, ఏ దిశ, స్టాపు పేరు, నిమిషంతో సహా టైము, ర్యాంపు అడిగిన మాట, అతనిచ్చిన జవాబు ఉంటే ఏజెన్సీ ఆ బస్సు కెమెరా తీసి చూడగలుగుతుంది. ఆ రికార్డింగులను ఏజెన్సీలు ఎల్లకాలం దాచిపెట్టవు కాబట్టి, 180 రోజులు ఉన్నాయి కదా అని కూర్చోకుండా ఆ రోజే పంపాలి.